ఆటిజం అవగాహన ఆభరణాలు

ఆటిజం గురించి నలుగురికీ తెలియాలని, దాని కోసం పనిచేసే సంస్థలకు నాలుగు డబ్బులు పోగవ్వాలని ధరించే లాకెట్లు, చెవిపోగులు, బ్రేస్‌లెట్లు, కోటు పిన్నులు ఈ కోవలోకి వస్తాయి. ఎక్కువ భాగం చవక లోహం మీద రంగు ఎనామిల్ పోసినవే. నగగా చెప్పుకోవలసింది తక్కువ. కథంతా దాని మీది గుర్తుదే.

ఆ గుర్తు లండన్‌లో పుట్టింది. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు 1962లో పెట్టుకున్న సంఘం, అంటే నేటి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ, మరుసటి ఏడాది జిగ్సా పజిల్ ముక్కను చిహ్నంగా తీసుకుంది. దాన్ని రూపొందించిన జెరాల్డ్ గాసన్ కూడా అలాంటి ఒక బిడ్డకు తండ్రే. ముక్క మీద ఏడుస్తున్న పిల్లవాడి బొమ్మ ఉండేది. పిల్లలది అంతుచిక్కని స్థితి అని ఆ తల్లిదండ్రుల భావన. కాలక్రమంలో ఏడుపు పోయింది, ముక్క మిగిలింది.

గుర్తును ఒంటి మీద పెట్టుకునే అలవాటు మాత్రం ఎయిడ్స్ ఉద్యమం నుంచి వచ్చింది. 1991లో న్యూయార్క్ కళాకారులు మొదలుపెట్టిన ఎర్ర రిబ్బను చూసి తక్కిన ఉద్యమాలూ తలా ఒక రంగు ఎంచుకున్నాయి. అమెరికాలోని ఆటిజం సొసైటీ 1999లో రంగురంగుల పజిల్ ముక్కలు పరిచిన రిబ్బనును స్వీకరించింది. 2004లో క్యాన్సర్ రోగుల కోసం పనిచేసే లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫౌండేషన్ డాలరుకొకటి చొప్పున అమ్మిన పసుపు సిలికాన్ పట్టీలు విపరీతంగా చెల్లడంతో చేతిపట్టీలకు గిరాకీ పెరిగింది. 2005లో ఏర్పడిన అమెరికా సంస్థ ఆటిజం స్పీక్స్ నీలి ముక్కను ఎంచుకుంది. 2008 నుంచి ఏప్రిల్ 2ను ఐక్యరాజ్య సమితి ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా పాటించడంతో వీటి అమ్మకాలకు ఒక రుతువంటూ ఏర్పడింది.

ఇంతవరకూ మాట్లాడింది కన్నవాళ్లు, సంస్థలు. ఆటిజం ఉన్నవాళ్లు నోరు విప్పాక లెక్క మారింది. తమను విడదీయాల్సిన చిక్కుముడిగా, ఏదో లోపించిన ముక్కగా చూపొద్దని వాళ్ల అభ్యంతరం. దానిలో న్యాయముంది. 2005లో మొదలైన ఆటిస్టిక్ ప్రైడ్ డేతో పాటు ఇంద్రధనుస్సు రంగుల అనంత చిహ్నం, అంటే అడ్డంగా పడుకోబెట్టిన 8 ఆకారం, ప్రచారంలోకి వచ్చింది. కొందరు దాన్ని బంగారు రంగులో చేయించుకుంటారు. రసాయన శాస్త్రంలో బంగారం సంకేతం ‘ఏయూ’, ఆటిజం అనే ఇంగ్లీషు మాటకు మొదటి రెండక్షరాలూ అవే. ‘ఆటిజం’ అనే పరిశోధన పత్రిక 2018లో ముఖచిత్రం నుంచి పజిల్ ముక్కను తీసేసింది. ఆటిజం స్పీక్స్ మాత్రం 2020లో ముక్కను ఉంచుకుంటూనే దానికి మరిన్ని రంగులు అద్దింది.

ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి ఒంటికి లోహం తగిలితేనే చిరాకు. గొలుసు గలగల, మెడ వెనక కొక్కెం గీరుకోవడం భరించలేరు. వాళ్లకు నిజంగా పనికొచ్చేది వేరే నగ: మెత్తని సిలికాన్ లాకెట్టు. చొక్కా కాలరు, పెన్సిలు కొరికే పిల్లలు దాన్ని నములుతారు. గట్టిగా లాగితే గొంతుకు బిగుసుకోకుండా తాడు దానంతటదే ఊడివస్తుంది. పజిల్ ముక్క ఆకారంలోనూ వీటిని అమ్ముతున్నారు.