తెల్లబడ్డ ప్లగ్గు

సూర్యాపేటలో, అప్పట్లో తొమ్మిదో నంబరుగా ఉండి ఇప్పుడు 65 అయిన హైవే పక్కన, ఉస్తాద్ షెడ్డులో చేరిన రోజు నా చేతికి ప్లగ్గు పానా ఇచ్చారు. "విప్పు బేటా, రంగు చెప్పు" అన్నారు. లేత కాఫీ రంగైతే ఇంజను బాగున్నట్టు. మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. 'లీన్' అనే మాట మాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. 'గాలి తాగుతోంది' అనేవాళ్లం.

గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి బాగా మించితే ఇంజను కార్బొరేటర్‌లోంచి దగ్గుతుంది, పికప్ పోతుంది. ఈ లెక్క ఉస్తాద్‌కు తెలియదు. ఆయన గాలి తగ్గేలా చోక్ సగం లాగేవారు. ఇంజను కుదుటపడితే రోగం దొరికినట్టే. తర్వాత గాస్కెట్ల చుట్టూ పెట్రోలు చుక్కలు చిమ్మేవారు. ఎక్కడ చిమ్మితే చప్పుడు మారిందో అక్కడ గాలి దూరుతున్నట్టు. వేడి ఇంజను మీద పెట్రోలు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీరెవరూ చేయకండి. ఎస్‌యూ కార్బొరేటర్ ఉన్న అంబాసిడర్‌కైతే అందులోని పిస్టన్‌ను వెంట్రుకవాసి పైకెత్తేవారు. ఇంజను ఆగిపోతే లీన్, జోరు పెరిగి అలాగే నిలిస్తే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ.

కోదాడ వైపు నుంచి ఎండాకాలంలో వచ్చేవి ఎక్కువగా కాగిపోయిన బండ్లు. మిర్యాలగూడవి వేరే రకం. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి, వరితో మిల్లులు, మిల్లులతో ఊక దుమ్ము. అది ఎయిర్ ఫిల్టర్‌లో పేరుకుంటే ప్లగ్గు నల్లబడుతుంది; అదే నలుసు పెట్రోలులో పడి, అది వచ్చే సన్నటి జెట్టుకు అడ్డుపడితే తెల్లబడుతుంది. దుమ్ము ఒకటే, రోగాలు రెండు. కుర్రాళ్లు ఇక్కడే బోల్తా పడేవాళ్లు.

2000లో దేశమంతా సీసం లేని పెట్రోలే అయ్యాక ప్లగ్గుల రంగులే లేతబడ్డాయి. కళ్లకు మళ్లీ ఓనమాలు దిద్దించాల్సి వచ్చింది. తర్వాత ఇంజక్షన్ బండ్లతో చోకే పోయింది. ఇప్పుడు సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది, స్కానర్‌లో పీ0171, అంటే లీన్ అని పడుతుంది. అయినా కోడు చూసి సెన్సర్ మార్చేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కంప్యూటర్ పెట్రోలు ఎంత పెంచిందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకె ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, రేస్ ఇస్తే తగ్గితే ఎక్కడో గాలి దూరుతోంది. లోడు మీద పెరిగితే పెట్రోలు పంపునో ఫిల్టర్‌నో చూడాలి.

మొన్న మిర్యాలగూడ నుంచి ఒక మిల్లు ఓనరు పాత కార్బొరేటర్ మారుతి 800 తెచ్చాడు. స్కానర్ పెట్టడానికి సాకెట్టే లేదు. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది గనుక పాత జెట్టుకు మిశ్రమం పలచబడుతుంది. ఇథనాల్‌ను నూకల నుంచి కూడా తీస్తారంటే ఆయన నమ్మలేదు. ప్లగ్గు విప్పి చూపించాను. తెల్లగా ఉంది. చోక్ సగం లాగాను, కుదుటపడింది. ఒక సైజు పెద్ద జెట్టు వేసి పంపాను.