చందాదారు గారికి

1926 మే 10న హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలైంది. సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారి స్వగ్రామమైన ఇటిక్యాలపాడూ, మా వడ్డేపల్లీ రెండూ అలంపురం ప్రాంతపు ఊళ్ళే. ఈ నేల 1956 వరకూ రాయచూరు జిల్లాలో ఉండేది. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పత్రిక బతకాలంటే చందాదారులే దిక్కు. ఆ చందాదారు ఎక్కడో పల్లెలో ఉంటాడు. అతనికీ పత్రికకూ మధ్య ఉన్న దారి టపా ఒక్కటే. నిజాముకు సొంత టపా ఉండేది. 1869 నుంచి సొంత బిళ్ళలు కూడా ఉండేవి. అది భారత తపాలాలో కలిసిపోయింది 1950లో. (బ్లాగులో రాసేదాన్ని మనం ‘టపా’ అని ఖాయం చేసుకొన్నప్పుడు ఈ చరిత్ర ఎందరికి గుర్తొచ్చిందో గానీ, మాట మాత్రం సరిగ్గా కుదిరింది.)

ముఖం తెలియని మనిషితో చందా వ్యాపారం నడపటానికి కావలసిన సరంజామా బ్రిటిషు ఇండియాలో మూడేళ్ళలో అమరింది. 1877లో వి.పి.పి., 1879లో పోస్టుకార్డు, 1880లో తపాలా మనియార్డరు వచ్చాయి. కార్డు వెల కాలణా, అంటే మన లెక్కలో కాణీ. విజ్ఞాన చంద్రికా మండలి నుంచి ఎమెస్కో వారి ఇంటింటా గ్రంథాలయం దాకా ఎన్నో తెలుగు సంస్థలు ఈ దారినే పాఠకుల ఇళ్ళకు చేరాయి. చందాదారులు పెరిగితే ప్రతివారికీ చేత్తో ఉత్తరం రాయటం సాగదు. అప్పుడు ఖాళీలు వదిలి అచ్చువేసిన కార్డు అక్కరకొస్తుంది: పేరు నింపు, మొత్తం నింపు, పంపు. చిరునామాలను ముద్రించే అడ్రెసోగ్రాఫ్ యంత్రానికి అమెరికాలో జోసెఫ్ డంకన్ 1896లో హక్కు పొందాడు. ప్రతాపరెడ్డి గారు పుట్టినదీ ఆ ఏడే. ఇది కాకతాళీయమే, మరేమీ లేదు.

నన్ను ఆకర్షించేది యంత్రం కాదు, సంబోధన. పాత తెలుగు ఉత్తరం మొదటి పంక్తిలోనే ఎదుటివాని కులం, వయసు, లింగం, హోదా అన్నీ తేలిపోయేవి. పెద్దలకు ‘మహారాజశ్రీ’, పండితులకు ‘బ్రహ్మశ్రీ’, పిన్నలకు ‘చిరంజీవి’, ముత్తైదువకు ‘లక్ష్మీసమానురాలు’. భర్త పోయినావిడకు ‘గంగాభాగీరథీ సమానురాలు’ అని రాసి, ఉత్తరం తెరవగానే ఆ సంగతి మళ్ళీ గుర్తుచేసేవారు. ఉభయకుశలోపరి ఆ తరువాతే. ఇవీ అచ్చుకార్డు వంటి మూసలే, కాకపోతే మనిషి మనిషికీ వేరే మూస. అచ్చుకార్డుకు ఆ వివేచన తెలియదు. దానికి ‘అయ్యా’ ఒక్కటే తెలుసు. చదివేది అమ్మ అయినా ‘అయ్యా’నే. ఆ లోపం లోపమే. అయినా దొరకూ జీతగానికీ ఒకే మాట పంపిన తొలి ఉత్తరం అదే కావచ్చునని నా ఊహ.

తరువాతి కథ మనకందరికీ తెలిసినదే గనుక త్వరగా ముగిస్తాను. 1982 నాటి మెయిలు నియమాలు ఏడు బిట్ల అక్షరాలకే చోటిచ్చాయి. యూనికోడులో తెలుగు 1991లో చేరింది. 1992లో మైమ్ వచ్చాక ఇతర లిపులు మెయిలులో ప్రయాణించే మార్గం ఏర్పడింది. అయినా మనం చాలా ఏళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకొన్నాం.

ఈ మధ్య వడ్డేపల్లి పురపాలికలోని శాంతినగర్‌లో ఇళ్ళకు ఇంటర్నెట్టు కనెక్షన్లిచ్చే ఒక కుర్రవాడు నన్ను వెదుక్కొంటూ వచ్చాడు. కొత్త ఖాతా నమోదు కాగానే దానంతట అదే స్వాగత లేఖ పంపే సాఫ్టువేరు కొన్నాడట. అందులోని ఇంగ్లీషు నమూనాను యంత్రంచేతనే తెలుగు చేయించాడు. ‘ప్రియమైన కె’ అని మొదలైంది. మన ఇంటిపేరు ముందుంటుంది కదా, యంత్రం మొదటి గడిలోని పొడి అక్షరాన్ని పేరనుకొన్నది. పైగా రెడ్డి గారినీ, రాజోలి నేతగత్తెనూ ‘ప్రియమైన’ అని పిలవటం! అది మన ఉత్తరాల్లో ఆత్మీయులకు రాసుకొనే మాట.

పేరు సరిచేస్తే విభక్తి పేచీ పెట్టింది. శారదకు, లక్ష్మికి, రాముడికి: పేరు చివరి అచ్చును బట్టి ప్రత్యయం మారుతుంది. యంత్రానికి ఒక్కటే ఇస్తే ‘లక్ష్మికు’ అంటుంది. దీనికి తెలుగు ఏనాడో మందు కనిపెట్టి ఉంచింది: ‘గారు’. ఏ పేరు తరువాతనైనా ‘గారికి’ అంటే చాలు. ఆడా మగా తేడా లేదు, కులం అడగదు.

కుర్రవాడు ఒప్పుకోలేదు. “గారు అంటే పరాయోళ్ళనుకుంటరు సార్. మా దగ్గర అందరినీ అన్నా అనే పిలుస్తం” అన్నాడు. ఎదురుగా మాట్లాడేటప్పుడు అది నిజమే. కాని ఈ లేఖను ఎవరు తెరుస్తారో తెలియదు. కనెక్షను భర్త పేర ఉంటుంది, ఫోనులో చదివేది కోడలు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. ఇక్కడ విత్తనపత్తి చేలలో క్రాసింగు పనిచేసే కూలీని పేరు పెట్టి ‘గారు’ అని ఎవరూ పిలిచి ఎరుగరు. నెల రుసుము అందరితో సమంగా కడుతున్నప్పుడు అతనికీ ఆ మాట దక్కాలి. దీని మీద మేము ఒక పూట వాదించుకొన్నాము.

చివరికి అతణ్ణి ఒప్పించింది నా వాదం కాదు, మెయిలు చూడనివారికి పంపే ఎస్సెమ్మెస్సు. 2018 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం దాని మూసను ముందుగా నమోదు చేయాలి, ఖాళీలు ఎక్కడెక్కడో కూడా చెప్పాలి. ఇంగ్లీషైతే ఒక సందేశానికి 160 అక్షరాలు, తెలుగైతే 70. ‘శ్రీ’ మనకు ఒక్క అక్షరం, దాని లెక్కలో నాలుగు. ఆడవారికి ఒకటి, మగవారికి ఒకటి మూసలు పెట్టుకొనే కన్నా ‘శ్రీ’ తీసేసి, ఆరు లెక్కపడే ‘గారికి’ ఉంచటమే అతనికి లాభమనిపించింది.

ఆపైన ఏముండాలో త్వరగానే తేలింది: కనెక్షను ఏ రోజున మొదలైంది, నెలకెంత, ఏ తేదీలోగా కట్టాలి, లైను పోతే ఎవరిని అడగాలి, వద్దనుకొంటే ఎలా ఆపాలి. వి.పి.పి. కాలంలో ఇష్టం లేనివాడు పొట్లాం పుచ్చుకోకుండా తిప్పి పంపేవాడు, అంతటితో సరి. అమెరికాలో వ్యాపారపు మెయిళ్ళలో ‘ఇక వద్దు’ అనే దారి ఉండాలని 2003లో చట్టమే చేశారు. మా లేఖలో ఆ సంగతి కింద చిన్న అక్షరాల్లో కాక మూడో పంక్తిలోనే చెప్పాము.

మిగిలింది సంతకం. సాఫ్టువేరు ఇచ్చిన నమూనాలో ‘ఈ చిరునామాకు జవాబివ్వవద్దు’ అని ఉన్నది. క్షేమసమాచారాలకు వెంటనే జాబు రాయమని అడిగిన భాషలో ఇదేమి ఉత్తరం? కొట్టివేయమన్నాను. జవాబులు కుప్పపడతాయని అతని భయం. ఖాతాలు ఇంకా వందల్లోనే ఉన్నాయి గనుక ప్రస్తుతానికి తన పేరు, తన నంబరు పెట్టాడు.