ఎంత బిగించాలి? - ఒక నట్టు చరిత్ర

మన చరిత్ర పుస్తకాల్లో రాజులుంటారు, యుద్ధాలుంటాయి, అప్పుడప్పుడూ ఓ ఆనకట్ట కూడా వుంటుంది. నట్లూ బోల్టులూ మాత్రం వుండవు. ఈ టపా ఒక నట్టు గురించి. లేతు మిషన్ హెడ్‌స్టాక్‌లో, స్పిండిల్ వెనక చివర వుండే నట్టు. దాన్ని ఎంత బిగించాలి అన్న ప్రశ్నకి రెండొందల ఏళ్ళలో జవాబు పూర్తిగా తిరగబడింది. ఆ తిరగబడ్డ సంగతి మన దగ్గర కాగితాల మీద కంటే టర్నర్ల చేతుల్లోనే ఎక్కువ వుంది. ఆ చేతులు ఒక్కొక్కటే రిటైరవుతున్నాయి. నా బాధ అదీ.

గుండుగొలను భీమడోలు మండలంలో వుంది. 2022 దాకా పశ్చిమ గోదావరి జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఒక పక్క కలకత్తా - మద్రాసు హైవే, ఇంకో పక్క కొల్లేరు. ఇలాంటి చోట లేతు లేకుండా రోజు గడవదు. హైవే మీద లారీలు, చేపల చెరువులకి నీళ్ళు తోడే ఇంజన్లు, రైసు మిల్లుల షాఫ్టులు.. ఏది అరిగినా చివరికి లేతు మీదికి రావాల్సిందే. 2006లో కొల్లేరు ఆపరేషన్‌లో అభయారణ్యంలోని చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు పేపర్లన్నీ చెరువుల గురించి రాశాయి. ఆ చెరువుల ఇంజన్లకి షాఫ్టులు తిప్పి ఇచ్చినవాళ్ళ గురించి ఎవరు రాశారు?

సరే, విషయంలోకి వద్దాం.

లేతంటే పక్కకి పడుకోబెట్టిన కుమ్మరి చక్రం అనుకోండి. ఇనప ముక్క తిరుగుతూ వుంటుంది, టూలు దాన్ని చెక్కుతుంది. ముక్కని పట్టుకుని తిరిగేది స్పిండిల్. దాంట్లో ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు ప్లే వున్నా చాలు, చెక్కిన చోట అలలు అలలుగా గీతలు పడతాయి, మిషన్ గీపెడుతుంది. కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అన్నట్టు, వదులు బేరింగు లేతుక్కూడా కావలసినంత సంగీతం.

1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మరలు కోసే లేతుని తీర్చిదిద్దినప్పుడు స్పిండిల్ తిరిగింది సాదా బేరింగుల్లో. అంటే లోహపు గుంటలో లోహపు కడ్డీ, మధ్యలో నూనె. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలంలో ప్రపంచంలో లేతులన్నీ ఈ బాపతే. వీటికి సూత్రం ఒక్కటే: కొంచెం సందు వదలాలి. సందు లేకపోతే నూనెకి చోటు వుండదు, నూనె లేకపోతే బుష్ పట్టేస్తుంది. కాబట్టి మంచి టర్నరంటే ఎంత వదలాలో తెలిసినవాడు.

ఈ సూత్రాన్ని తిరగేసింది ఇంకో లేతు కాదు, సైకిలూ బండీను! 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో ఫ్రీడ్రిక్ ఫిషర్ ఉక్కు గోళీలని ఒకే సైజులో గుండ్రంగా సానపట్టే మిషన్ తయారుచేశాడు. ఆ గోళీలకి పెద్ద గిరాకీ సైకిళ్ళది. 1898లో అమెరికాలో గుర్రపు బళ్ళు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ టేపర్ రోలర్ బేరింగుకి పేటెంటు తీసుకున్నాడు. బండి మలుపు తిరిగేటప్పుడు ఇరుసు మీద పక్కనుంచి కూడా తోపు పడుతుంది కదా, దాన్ని కూడా మొయ్యడానికి. బండి ఇరుసు కోసం పుట్టిన ఆ ఉపాయమే తర్వాత లేతు స్పిండిల్లోకి వచ్చి కూర్చుంది.

ఇక్కడే అసలు తిరకాసు. గోళీని ఉక్కు పలక మీద పెట్టి నొక్కారనుకోండి. మొదట్లో అది ఆనేది ఒక్క చుక్క దగ్గరే కాబట్టి కొంచెం బరువుకే నొక్కుకుంటుంది. నొక్కే కొద్దీ ఆనే చోటు పెద్దదై గట్టిపడుతుంది. దీని లెక్క హెర్ట్జ్ 1882 నాటికే తేల్చాడు (అవును, రేడియో తరంగాల హెర్ట్జే). ఆ లెక్క ప్రకారం బరువు 8 రెట్లు పెంచితే నొక్కుడు 4 రెట్లే పెరుగుతుంది. అంటే మెత్తదనమంతా మొదట్లోనే వుంది. అలాంటప్పుడు పని మొదలుపెట్టక ముందే రెండు బేరింగుల్ని ఎదురెదురుగా నట్టుతో నొక్కేసి, ఆ మెత్తదనాన్ని ముందే ఖర్చు చేసేస్తే? అదే ప్రీలోడ్. నిన్నటిదాకా సందు వదలమన్న శాస్త్రం ఇప్పుడు సందుని సున్నా కంటే కిందికి తీసుకెళ్ళమంటుంది!

అలాగని గట్టిగా బిగిస్తే? బాల్ బేరింగు మీద లోడు రెట్టింపైతే దాని ఆయుష్షు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. రోలర్ బేరింగుకైతే దాదాపు పదో వంతుకి.

ఇప్పుడు గుండుగొలను లాంటి ఊరి సెంటర్లో నిలబడి చూడండి. సైకిలు షాపులో హబ్బు కోను బిగించి, ప్లే పోయిందా, చక్రం బరువు లేకుండా తిరిగి వాల్వు వైపు దానంతటదే కిందికొచ్చి ఆగిందా అని చూస్తారు. పక్కన లారీ మెకానిక్ ముందు హబ్బు నట్టు బిగించి, మళ్ళీ కాస్త వెనక్కి తిప్పి, కావాలనే కొంచెం ప్లే వదులుతాడు. ఆ పక్కనే లేతు. అమరిక మూడింట్లో ఒకటే: లోపల కోనులు, బయట కప్పులు, ఒక నట్టు. జవాబులు మూడు! లారీ చెయ్యి లేతు మీద పడితే జాబ్ పాడవుతుంది, లేతు చెయ్యి లారీ మీద పడితే హబ్బు కాలుతుంది. పైగా చిన్న వర్క్‌షాపుల్లో బటాలా, రాజ్‌కోట్‌ల నుంచి వచ్చిన చవక లేతుల్లో గన్‌మెటల్ బుష్‌లవి బోలెడు. వాటికి మళ్ళీ పాత శాస్త్రమే.

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది కాన్ఫిగ్ ఫైల్లో నంబరు మార్చి రీస్టార్ట్ చేసే పని కాదు. చల్లటి మిషన్ మీద సరిపోయిన బిగుతు వేడెక్కాక సరిపోదు. 400 మిల్లీమీటర్ల ఉక్కు స్పిండిల్ 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.05 మిల్లీమీటరు పొడుగు పెరుగుతుంది. మనం సర్దేదేమో మైక్రాన్లలో. పొడుగు పెరిగితే బిగుతు వదులవుతుంది, లోపలి రింగు లావెక్కితే బిగుతు పెరుగుతుంది. రెండిట్లో ఏది గెలుస్తుందో ఆ మిషన్‌కే తెలియాలి. అందుకే తెలిసిన టర్నరు అరగంట, గంట నడిపి అప్పుడు చూస్తాడు. స్పిండిల్ ముక్కు మీద డయల్ పెట్టి, కర్రతో ముందుకీ వెనక్కీ నెట్టి ముల్లు ఎంత కదిలిందో చూస్తాడు. నట్టు పిసరంత తిప్పి మళ్ళీ నడుపుతాడు. హెడ్‌స్టాక్ మీద బేరింగు దగ్గర అరచెయ్యి ఆనిస్తాడు. చెయ్యి ఆననివ్వలేదంటే బిగుతు ఎక్కువైనట్టే. లోడ్ టెస్టింగంటే ఇదే కదండీ!

మనకీ ఈ విద్యకి ఫ్యాక్టరీలు లేకపోలేదు. బెంగళూరులో 1953లో పుట్టిన హెచ్ఎంటీ, స్విట్జర్లాండ్ ఓర్లికాన్ కంపెనీ సహకారంతో లేతులతోనే మొదలైంది. అంతకు పదేళ్ళ ముందే, 1943లో, సికిందరాబాదులో ప్రాగా టూల్స్ పెట్టారు. హైదరాబాదులోనే ఇండో నిప్పన్ అనే బేరింగుల ఫ్యాక్టరీ వుండేది. 1981లో హెచ్ఎంటీ చేతికొచ్చి హెచ్ఎంటీ బేరింగ్స్ అయింది. 2016 జనవరిలో దాన్ని మూసెయ్యడానికి కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. అదే ఊళ్ళో మన కంపెనీల అద్దాల మేడలు లేస్తూనే వున్నాయి. నష్టాల ఫ్యాక్టరీని ఎల్లకాలం నడపాలని నేననను. కానీ అక్కడ నేర్చుకున్నది ఎవరికి అప్పజెప్పాం అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే.

ఈ రోజుల్లో సీఎన్‌సీ స్పిండిల్‌కి ఈ గొడవ చాలావరకు లేదు. బేరింగుల జతల్ని ఫ్యాక్టరీలోనే లెక్క ప్రకారం సానపట్టి ఇస్తారు. చెప్పినంత టార్కుతో బిగిస్తే ప్రీలోడ్ దానంతటదే వస్తుంది. లైటా, మీడియమా, హెవీయా అన్నది బేరింగు నంబరు చివర ఒక అక్షరం. ఒక జీవితం పట్టే విద్య ఒక అక్షరంలోకి వెళ్ళిపోయింది. మనం లైబ్రరీలు ఇంపోర్టు చేసుకుని లోపలేముందో చూడనట్టే! నాకు దాని మీద కోపం లేదు, అది మంచి ఇంజనీరింగే. కానీ పాత లేతులు ఇంకా తిరుగుతూనే వున్నాయి, వాటికి ఆ అక్షరం లేదు.

గోదావరి డెల్టా చరిత్రంటే కాటన్ దొర దగ్గర మొదలుపెట్టి కాటన్ దొర దగ్గరే ఆపేస్తాం. నీళ్ళు తెచ్చింది ఆయనే, కాదనను. ఆ నీళ్ళ మీద బతికే ఇంజన్లనీ మిల్లులనీ ఇన్నేళ్ళు తిప్పుతూ వచ్చింది మాత్రం పేరు లేని టర్నర్లు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక గంట లేతు షాపులో కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, తెలుగులో రాసి పెట్టండి. ఏం అడగాలో తెలీకపోతే ఈ ఒక్కటీ అడగండి: "బాబాయ్, మిషన్ వేడెక్కాక నట్టు ఎటు తిప్పుతారు?" జవాబు ఒక్క ముక్కలో రాదు. రాసుకోవాల్సింది ఆ మిగతాదే.