ఉప్పునీటి నియంత్రణ: నెల్లూరు తీరపు ఉప్పుమళ్ల చరిత్రపై ఒక పరిశీలన

ఒక ద్రవంలోని రసాయనాన్ని మరొక ద్రవంలోకి లాగడానికి నేటి ప్రయోగశాలలు మిల్లీమీటరు కంటే సన్నని మార్గాల్లో ఆ రెండింటినీ కలిపి నడిపిస్తున్నాయి. అక్కడ ప్రవాహాన్ని ప్రధానంగా శాసించేది తలతన్యత. నెల్లూరు తీరంలోని ఇస్కపల్లి, కృష్ణపట్నం ఉప్పుమళ్లలో ఆ పని నేల వాలుది, గట్టుది, ఎండగాలిది. అక్కడ వేరుపడేవి ఘనమూ ద్రవమూ; కొలతలూ వేరే. అయినా ద్రవాన్ని ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వదలాలి అన్న చిక్కు మాత్రం ఒకటే. ఉప్పు చరిత్రను పన్నుల చరిత్రగానో, 1930 నాటి సత్యాగ్రహ చరిత్రగానో చదవడం అలవాటు కావడంతో ఈ సాంకేతిక పార్శ్వం మరుగున పడింది.

సముద్రపు నీటిలో లవణాలు సుమారు 3.5 శాతం; అందులో ముప్పాతికకు పైగా సోడియం క్లోరైడు. నీరు ఒక మడి నుంచి మరొక మడికి సాగుతూ చిక్కబడుతుంది. మొదట సున్నపు లవణాలు, తరువాత జిప్సం అడుగున చేరతాయి. సాంద్రత 25 బోమె డిగ్రీలు దాటిన తరువాతనే ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. 30కి చేరువైతే మెగ్నీషియం లవణాలు ఉప్పుతో కలిసిపోతాయి. అంటే ఉప్పు పండే మడిలోకి నీటిని వదలడం ఎంత ముఖ్యమో, మిగిలిన చేదునీటిని సకాలంలో తోడివేయడమూ అంతే ముఖ్యం.

ఇక్కడే పాలన అడ్డువచ్చింది. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పుపై గుత్తాధిపత్యం నెలకొల్పింది. ఉత్పత్తిదారుకు గరిసె చొప్పున కుడివారం ముట్టేది. ఒకసారి నీరు పెట్టి, ఉప్పు తీసి, చేదునీటిని వదిలేసే పద్ధతి ఒకటి. పాత నీటిపైనే మళ్లీ మళ్లీ కొత్త నీరు పెట్టే పద్ధతి మరొకటి. రెండవదానిలో పొర మందంగా వస్తుంది, చేదూ పేరుకుంటుంది. పరిమాణానికే ప్రతిఫలమైతే శుద్ధికోసం నీటిని, దానితోపాటు కొంత ఉప్పును, వదులుకునేవాడెవడు? నాసిరకం ఉప్పుకు కారణం ఉత్పత్తిదారుల అజ్ఞానమేననడం అందుకే అన్యాయమనిపిస్తుంది. మెగ్నీషియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చుకుంటుంది; కుప్పలోంచి అది కారిపోతే మిగిలేది కొంత శుద్ధమైన ఉప్పే. కానీ తూకం చూసే లెక్కకు అది తరుగు.

1876 నాటి మద్రాసు ఉప్పు కమిషను తరువాత ఎక్సైజు విధానం వచ్చింది. ఉత్పత్తిదారు సుంకం కట్టి తన సరుకును తానే అమ్ముకునే వీలు కలగడంతో కొనుగోలుదారు ఎంపికకు కొంత విలువ ఏర్పడింది. అయినా పట్టు సడలలేదు. 1889 మద్రాసు ఉప్పు చట్టం చవుడుమట్టి నుంచి తీసిన ఉప్పుద్రావణాన్ని కూడా ఉప్పుగానే నిర్వచించింది. స్ఫటికం కట్టకముందే, ఆ నీరు సుంకపు అధికారి పరిధిలోకి వచ్చేది.