శీర్షికల్లో ఫ్లోరైడ్: నెల్లూరు నుంచి పావగడ దాకా

ఫ్లోరైడ్ జబ్బు గురించి తెలుగునేల నుంచి తొలి వైద్యవ్యాసాలు 1937లో వెలువడ్డాయి. షార్ట్, పండిట్, రాఘవాచారి ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో రాసిన వ్యాసం పేరులో రెండే సంగతులున్నాయి: జబ్బు ఫ్లోరోసిస్, చోటు నెల్లూరు జిల్లా. ఈ జబ్బు కనిపించిన దర్శి, కనిగిరి, పొదిలి అప్పుడు ఆ జిల్లాలోవే. భయపెట్టే మాట ఒక్కటీ లేకపోయినా ఆ పేరు చూడగానే ఎవరి నీళ్ల గురించో తెలిసిపోతుంది.

1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ రాసిన వ్యాసం పేరులోనూ ఊరే ముందుకొచ్చింది, ఈసారి నల్లగొండ. 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి ‘లాన్సెట్’లో రాసినప్పుడు శీర్షిక ఊరి నుంచి ఒంటికి మళ్లింది. మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకరపోవడం, ఎముకలు గుల్లబారడం అందులో నేరుగా కనిపించాయి. 1975లో పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ‘నల్లగొండ టెక్నిక్’ పేరుతో అచ్చయింది. అలా చోటు, లక్షణం, ఉపాయం వరసగా శీర్షికలకెక్కాయి. ఆరోగ్యవ్యాసానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకడం కష్టం.

తెలుగు దినపత్రికలు మాత్రం వేరే దారి పట్టాయి. ‘ఫ్లోరైడ్ భూతం’, ‘ఫ్లోరిన్ రక్కసి’, ‘మహమ్మారి’ లాంటి మాటలు వాటికి అలవాటైపోయాయి. బాధితుల గోడును ప్రభుత్వం చెవిన వేయడానికి ఆ మాటలు పనికొచ్చాయి, ఆ మేలు చిన్నది కాదు. కానీ బిందె పట్టుకుని బోరు దగ్గర నిలబడ్డ మనిషికి ఏ నీళ్లు తాగాలో ఆ భూతం చెప్పదు.

కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో ఉన్న పావగడ తాలూకాలో ఈ లోటు మరింత బాధిస్తుంది. చుట్టూ చాలామేర ఆంధ్ర సరిహద్దే. ఇళ్లలో తెలుగు, కచేరీలో కన్నడం. వానలు తక్కువ, నేల కింద గట్టిరాయి, బోర్లు లోతు. రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని భారతీయ ప్రమాణం, వేరే నీరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ నీటికి రంగు మారదు, వాసన ఉండదు.

ఇలాంటి చోట అలవాటుగా పెట్టే శీర్షికే కీడు చేయగలదు. ‘నీళ్లు కాచి తాగండి’ అన్నది కలరాకు, విరేచనాలకు సరైన మాట. ఫ్లోరైడ్ కాచితే పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. ‘గార పళ్లు తెల్లబడే చిట్కాలు’ కూడా అంతే. ఫ్లోరైడ్ మచ్చ పైన పట్టిన గార కాదు. చిన్నతనంలో, చిగురు కింద పన్ను తయారవుతున్నప్పుడే పింగాణీలో ఏర్పడేది. ఎంత తోమినా పోదు.

వ్యాసాలు ఫోన్‌లోకి వచ్చాక ‘ఇది తాగితే ఏమవుతుందో తెలుసా?’ తరహా ప్రశ్నలు పెరిగాయి. వెతికేవారు అలా వెతకరు. ‘పిల్లల పళ్ల మీద పసుపు మచ్చలు’, ‘నడుము వంగడం లేదు’ అని తమ కంటికి, ఒంటికి తెలిసినదే అడుగుతారు. 1973 నాటి పరిశోధకుల్లా ఆ లక్షణాన్ని పేరులోనే పెడితే వ్యాసం వాళ్లకు దొరుకుతుంది. ‘పిల్లల పళ్లకు పసుపు మచ్చలా? బోరునీళ్లు పరీక్ష చేయించండి’ అన్నది పావగడలో ఏ తల్లికైనా పనికొచ్చే శీర్షిక.

ఇప్పుడు ఊళ్లలో శుద్ధనీటి కేంద్రాలున్నాయి, క్యానుతో ఫిల్టర్ నీళ్లు తెచ్చుకుంటారు. తుంగభద్ర నీటిని పావగడకు తెచ్చే పథకాన్నీ ప్రభుత్వం చేపట్టింది. మంచి నీరు అందితే ఎదిగే పిల్లల పళ్లు కాపాడుకోవచ్చు. ముదిరిన ఎముకల వంకరను మాత్రం ఏ నీరూ సరిచేయలేదు. అందుకే చిన్నపిల్లల తల్లులకొకటి, కీళ్లు బిగిసిన పెద్దవారికొకటి, వేర్వేరు శీర్షికలతో వేర్వేరు వ్యాసాలు కావాలి.