మాంత్రికుడు, సిద్ధుడు: తెలుగు నాటకంలో మాయ

తెలుగు జానపద నాటకంలో మంత్రశక్తికి రెండు చేతులున్నాయి. ఎత్తుకుపోయేది మాంత్రికుడి చెయ్యి, తిరిగి ఇచ్చేది సిద్ధుడి చెయ్యి. మొదటిదానికి పేరుపడ్డ పాత్ర బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు. రెండోదానికి సారంగధరుడి తెగిన కాళ్లూ చేతులూ మళ్లీ మొలిపించిన మీననాథుడు. ఈ సిద్ధుల పరంపరకు నిజామాబాద్ జిల్లాలో కొండంత గుర్తే ఉంది.

పసుపు పంటకు పేరుపడ్డ ఆర్మూరును ఆనుకుని, బండల మీద బండలు పేర్చినట్టుండే గుట్టను సిద్ధుల గుట్ట అంటారు. దాని మీద నవనాథ సిద్ధేశ్వరాలయం ఉంది. తొమ్మిదిమంది నాథసిద్ధులు అక్కడ తపస్సు చేశారని స్థానికుల నమ్మకం. ఆరూ మూడూ కలిస్తే తొమ్మిది కనుక ఊరికి ఆర్మూరు అనే పేరు వచ్చిందని చెబుతారు. భాషాశాస్త్రం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా లెక్క మాత్రం సరిపోయింది.

ఈ నాథుల కథలను తెలుగులో ద్విపద కావ్యంగా చెప్పినవాడు 15వ శతాబ్దపు గౌరన. ఆయన 'నవనాథ చరిత్ర'లో సారంగధరుడి కథ ఒక భాగం. రాకుమారుడు ఎగరేసిన పావురం సవతి తల్లి చిత్రాంగి మేడమీద వాలుతుంది. దానికోసం వెళ్లిన కుర్రవాణ్ని ఆమె కోరుకుంటుంది, అతను కాదంటాడు, ఆమె రాజుకు చాడీ చెబుతుంది. రాజు విచారించకుండానే కొడుకు కాళ్లూ చేతులూ నరికించమంటాడు. అడవిలో పడి ఉన్నవాణ్ని మీననాథుడు చూసి బతికిస్తాడు, అవయవాలు తిరిగి వస్తాయి, సారంగధరుడు చౌరంగి అనే సిద్ధుడవుతాడు. తర్వాతి కాలంలో ఈ కథ రాజమహేంద్రవరానికీ రాజరాజనరేంద్రుడికీ అతుక్కుపోయింది. యక్షగానాల్లోకి వెళ్లింది, తెలంగాణలో చిందు భాగవతుల ప్రదర్శనల్లోకీ వచ్చింది.

ఈ కథలో చెడు జరగడానికి మంత్రమేమీ అక్కర్లేదు. ఒక స్త్రీ కోరిక, ఒక రాజు తొందర చాలు. మాయ వచ్చేది అంతా అయిపోయాక, గాయం మాన్పడానికి.

ఇంగ్లండు రంగస్థలం సరిగ్గా ఎదురుదారి పట్టింది. అక్కడ మాయ తెర తీయగానే వస్తుంది. సుమారు 1606లో షేక్‌స్పియర్ రాసిన 'మాక్బెత్' ఉరుముల మధ్య ముగ్గురు మంత్రగత్తెలతో మొదలవుతుంది. అప్పటి రాజు మొదటి జేమ్స్ స్కాట్లండు రాజుగా ఉన్నప్పుడే, 1597లో, భూతవిద్య మీద 'డెమనాలజీ' అనే పుస్తకం రాశాడు. ఇంగ్లండు సింహాసనం ఎక్కిన మరుసటి ఏడు, 1604లో, మంత్రగత్తెల మీద కఠినమైన చట్టం వచ్చింది. ప్రేక్షకుల్లో చాలామందికి ఆ పాత్రలు కల్పన కావు, పక్కవీధి భయం. షేక్‌స్పియర్ కథ తీసుకున్న హోలిన్‌షెడ్ చరిత్రలో వాళ్లు విధిదేవతలో వనకన్యలో కావచ్చన్నట్టు ఉంటారు. నాటకకర్త వాళ్లకు గడ్డాలు తగిలించి, ఎండిన పెదవులిచ్చి, ఆడో మగో తేలకుండా చేశాడు. పైకప్పులేని గ్లోబ్ నాటకశాలలో పట్టపగలే ఆట. ఇనుప గుండ్లు దొర్లించి ఉరుము వినిపించేవారు. చీకటిని మాటలతోనే సృష్టించాలి.

అయితే ఆ ముగ్గురూ మాక్బెత్‌ను వేలితోనైనా తాకరు. అతని మీద మంత్రమేదీ వేయరు, ఎత్తుకుపోరు. నువ్వు రాజువవుతావని ఒక్క మాట చెప్పి మాయమవుతారు. హత్య చేసే చెయ్యి అతనిదే. చివర్లో వాళ్లిచ్చే హామీలూ అంతే: ప్రతి మాటా నిజమే, ప్రతి నిజమూ ఉచ్చే. మాట వాళ్లది, పని అతనిది. నేరం ఎవరి ఖాతాలో వేయాలో తేలకపోవడమే ఆ విషాదానికి బిగువు.

తెలుగులో అలాంటి విషాదాంత నాటకం కావాలనుకున్నవాళ్లకు గాయం మాన్పే సిద్ధుడు అడ్డొచ్చాడు. ఆంధ్ర నాటక పితామహుడిగా పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) 1886లో బళ్లారిలో సరసవినోదిని సభ స్థాపించాడు. ఆయన 'విషాద సారంగధర'ను తొలి తెలుగు విషాదాంత నాటకంగా లెక్కిస్తారు. నాటకం మంగళంగా ముగియాలన్న సంస్కృత మర్యాదను ఆయన దాటాడు. తెగినవి మళ్లీ మొలవడంతో కాక దుఃఖంతోనే కథ ముగించాడు. ఈ వ్యాసకర్త దృష్టిలో తెలుగు నాటకంలో మాయ చరిత్రకు పెద్ద మలుపు ఇదే: మాయను పెట్టడం కాదు, తీసేయడం.

జనం మాత్రం మాయనే కోరుకున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక సమాజాలు ఆ కోరికను వృత్తిగా మలచుకున్నాయి. తెరలు, తీగలు, మంటలు, గాలిలో ఎగిరే పాత్రలు వారి సొత్తు. బాలనాగమ్మ కథ అలాంటి వేదికకే పుట్టినట్టుంటుంది. ఫకీరు భిక్షకని వచ్చి బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్తనూ సైన్యాన్నీ రాళ్లు చేస్తాడు. ఆమె నోము నెపం పెట్టి ఏళ్ల తరబడి అతణ్ని దూరం పెడుతుంది. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తెలుసుకుని కొడుకు బాలవర్ధి దాన్ని పట్టి చంపుతాడు. ఇంత మాయలో ఆమె మనసు ఒక్క క్షణం కూడా చలించదు. చలించి ఉంటే ఆ కథ మాక్బెత్ దారి పట్టేది.

రంగస్థలంపై మాంత్రికుడి సామగ్రి ఎప్పుడూ ఒకటే: ముగ్గు, పుర్రె, నిమ్మకాయలు, కుంకుమ, పసుపు. షేక్‌స్పియర్ మంత్రగత్తెల కాగులో ఏమేం వేశారో వాళ్లే వరసగా చెప్పాలి. పసుపు కుంకుమలద్దిన నిమ్మకాయ నాలుగు దారులు కలిసేచోట కనబడితే మనవాడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. కాలు దానంతటదే పక్కకు జరుగుతుంది.

సినిమా ఈ పాత్రను నాటకం నుంచే అందుకుంది. 1942లో జెమినీ వారి 'బాలనాగమ్మ'లో కాంచనమాల నాయిక, మాంత్రికుడు గోవిందరాజుల సుబ్బారావు. 1951లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'పాతాళ భైరవి'లో ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడయ్యాడు. మన మాంత్రికుల్లో మాక్బెత్ మంత్రగత్తెలకు దగ్గరివాడు ఇతనే. రాకుమారిని పెళ్లాడాలంటే సంపద కావాలన్న తోటరాముడి ఆశను పసిగట్టి, ఆ ఆశతోనే అతణ్ని గుహదాకా నడిపిస్తాడు. పింగళి నాగేంద్రరావు కథ అక్కడ మలుపు తిప్పింది. బలి ఇవ్వబోయినవాడే బలవుతాడు, ఆశపడ్డవాడు నిర్దోషిగా బయటపడతాడు. రాముడి చేతికంటిన రక్తం అతణ్ని తర్వాత ఒక్క రాత్రి కూడా నిద్రపోకుండా చేయదు.

నాటకానికి బయట ఈ నమ్మకానికి మరో చరిత్ర ఉంది. బాణామతి, చేతబడి అన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, చంపారు. అలా అనుమానానికి గురైనవాళ్లు తరచూ దిక్కులేని పేదలే, వారిలో ముసలి ఆడవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో 1621లో ఎలిజబెత్ సాయర్ అనే స్త్రీని మంత్రగత్తె అని ఉరితీసిన ఏడాదే రోలీ, డెకర్, ఫోర్డ్ కలిసి 'ఎడ్మంటన్ మంత్రగత్తె' నాటకం రాశారు. అందులో ఆమె పొయ్యిలోకి పుల్లలు ఏరుకుంటూ దెబ్బలు తింటుంది. ఎలాగూ ఊరంతా అంటోంది కదా అని కసితో శపించినప్పుడే సైతాను నల్లకుక్కయి ఆమె ముందుకొస్తాడు. మన ప్రసిద్ధ జానపద నాటకాల్లో ఆ ముసలమ్మకు చోటు దొరకలేదు. వాటిలో చేతబడి చేసేవాడికి గుహ ఉంటుంది, గడ్డం ఉంటుంది, వెంట ఓ శిష్యుడూ ఉంటాడు.