సోలాపూరు – హైదరాబాదు: విమాన దూరమెంత, ప్రయాణ కాలమెంత?

సిరిసిల్ల నుండి గాని, కరీంనగర్ నుండి గాని పెద్దవారు కాలం చేసినారని కబురు వచ్చినప్పుడు, సోలాపూరు అశోక్ చౌక్ ప్రాంతపు నేత కుటుంబాలలో మొదట వేసే లెక్క దూరమే. కడసారి చూపు దక్కుతుందా లేదా అన్నది ఆ లెక్క మీదనే ఆధారపడి ఉంటుంది. విమానం ఈ లెక్కను ఎంతవరకు మార్చగలదో చూడవలసి ఉన్నది.

హోటగీ రోడ్డులోని సోలాపూరు విమానాశ్రయం నుండి శంషాబాదుకు ఆకాశమార్గాన దూరం రమారమి 268 కిలోమీటర్లు. విమానయానంలో వాడుకలో ఉన్న నాటికల్ మైళ్ళలో ఇది 145 (ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ.). ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా పోయే 65వ జాతీయ రహదారిలో హైదరాబాదు 310 కి.మీ. వరకు ఉంటుంది. అనగా ఈ దారి మెలికలు తక్కువగా గలదే.

ఇక కాలం. పంకాలతో నడిచే ఏటీఆర్ విమానం గంటకు సుమారు 500 కి.మీ., జెట్ విమానం 800 కి.మీ. వేగంతో పోతాయి. భాగహారం చేస్తే మొదటిదానికి 32 నిమిషాలు, రెండవదానికి 20 నిమిషాలు వస్తాయి. కాని ఇంత తక్కువ దూరంలో విమానం పైకెక్కడానికి, కిందికి దిగడానికే సగానికి పైగా కాలం పోతుంది. పూర్తి వేగం అందుకొనే లోపలే దిగుడు మొదలవుతుంది. కావున ఏదైనా గాలిలో ముప్పావు గంట అనుకొనవచ్చును. టిక్కెట్టుపై దాదాపు గంట అని ఉంటుంది. అందులో నేలపై రన్‌వే దాకా నడిచే కాలం కూడా కలిసి ఉంటుంది.

అసలు చిక్కు నేలమీదనే ఉన్నది. ఇంటి నుండి బయలుదేరడం, తనిఖీలు, సామాను అందుకోవడం అన్నీ కలిపితే శంషాబాదు వాకిలి దాటేసరికి మూడున్నర గంటలు. అక్కడినుండి సిరిసిల్లకు కారులో మరో మూడు గంటలకు పైమాటే. సోలాపూరు నుండే కారులో బయలుదేరి, హైదరాబాదు పోకుండా సంగారెడ్డి వద్ద మెదక్ వైపు మళ్ళితే ఏడెనిమిది గంటలలో ఇల్లు చేరవచ్చును. మిగిలేది గంటో, గంటన్నరో! హైదరాబాదు నగరంలోనే పని ఉన్నవారికి మాత్రం లాభం కొంత ఎక్కువ.

నేరు విమానం దొరకని రోజున ముంబయి మీదుగా పోవుట మరీ చుట్టుదారి. పడమటికి 362 కి.మీ. పోయి, మరల తూర్పుకు 623 కి.మీ. రావలెను, మొత్తం 985 కి.మీ. మధ్యలో నిరీక్షణ వేరు. రాత్రి రైలు ఇంతకంటె మేలు.

సోలాపూరుకు ఈ మాత్రం సదుపాయమైనా ఆలస్యంగానే వచ్చినది. విమానాల దారికి అడ్డుగా ఉన్నదని సిద్ధేశ్వర చక్కెర కర్మాగారపు చిమ్నీని 2023 జూన్‌లో కూల్చినారు. దానిపై రైతుల ఆందోళన సోలాపూరువారికి తెలిసినదే. 2024 సెప్టెంబరు 29న విమానాశ్రయ ప్రారంభోత్సవం జరిగినది. 2025 జూన్‌లో గోవాకు, అక్టోబరులో ముంబయికి విమానాలు మొదలైనవి.

వరంగల్ వైపు బంధువులున్నవారు మామునూరు పేరు గుర్తుంచుకొనవలెను. నిజాం కాలపు ఆ విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినది. సోలాపూరు నుండి అక్కడికి ఆకాశమార్గాన సుమారు 390 కి.మీ., అనగా ఏటీఆర్‌లో గంట ప్రయాణం.